ఇంగ్లీషు పరుగు - తెలుగు నడక

పాఠశాలలో ఇంగ్లీషు నేర్చుకొను బాలునికి తొలి దినములలోనే పరిచయమగు మాటలలో ‘రన్’ ఒకటి. ఉపాధ్యాయుడు ‘పరుగెత్తు’ అని అర్థము చెప్పును. బాలుడు నోటుపుస్తకములో ఒక ప్రక్క ఇంగ్లీషు మాటను, మరియొక ప్రక్క తెలుగు మాటను వ్రాసికొని వల్లె వేయును. ఆ నాటితో ఆ మాట వచ్చినదని ఇరువురును తృప్తి పడుదురు. నిజమునకు ఆ బాలునికి అప్పటికి కనిపించినది గుమ్మము మాత్రమే; ఇల్లింకను లోపల నున్నది.

ఆ ఇల్లెంత పెద్దదో నిఘంటుకర్తలకు తెలియును. ఆ భాషకు ప్రమాణముగా నెన్నబడు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు తొలి కూర్పు 1884 మొదలు 1928 వరకు భాగములుగా వెలువడినది. 1989లో ఇరువది సంపుటములుగా వచ్చిన రెండవ కూర్పులో ‘సెట్’ అను మాటకు పెద్దపీట దక్కినది. మూడవ కూర్పునకై జరుగుచున్న సవరణలో ‘రన్’ దానిని మించినది. 2011 నాటికి క్రియారూపమున దీనికి లెక్కించిన అర్థములు 645. ఇట్టి మాటను ‘పరుగెత్తు’ అని సరిపెట్టుట చెరువును చెంబుతో కొలుచుట వంటిది.

నిత్యము వినవచ్చు వాక్యములనే చూడుడు. ‘రన్’ అను ఒక్క క్రియతో ఇంగ్లీషువాడు చెప్పు సంగతులకు తెలుగువాడు ఎన్ని క్రియలు వాడును! నది పారును. ముక్కు కారును. గడియారము నడుచును. దుకాణమును నడుపుదురు. ఉతికిన బట్ట రంగు దిగును. సినిమా నూరు రోజులు ఆడును. ఇంట బియ్యము లేవనుట అశుభమని గృహిణులు ‘నిండుకొన్నవి’ అందురు. ఎన్నికల విషయము మరింత వింత. అమెరికావాడు ఎన్నికలలో పరుగెత్తును, ఇంగ్లండువాడు నిలబడును, తెలుగువాడును నిలబడును. క్రికెట్టులో మాత్రము తెలుగు పత్రికలు ఇంగ్లీషు మాటను అనుసరించి ‘పరుగులు’ అన్నవి. బంతి హద్దు దాటినప్పుడు బ్యాటు పట్టినవాడు కదలక నిలిచినను ఆ నాలుగును పరుగులే!

ఈ అర్థములన్నియు పొంతన లేక పోగుపడినవి కావు. ‘రన్’ పుట్టిన ప్రాచీన ధాతువునకు ప్రవహించుట, పరుగెత్తుట రెండును అర్థములే. దాని జ్ఞాతియగు జర్మను క్రియ ‘రిన్నెన్’ నేటికిని నీరు కారుటను చెప్పును. తెలుగులోను ఇట్టి క్రియ కలదు. నీరు పారును, దొంగ పారిపోవును. పూర్వకావ్యములలోని ‘పాఱు’ క్రియకు ప్రవహించుట, పరుగెత్తుట రెండును చెల్లును. ఈ పోలికను ఉపాధ్యాయుడొక్కసారి చూపినచో, నది ఇంగ్లీషులో ఏల ‘రన్’ చేయునో బాలునికి వేరుగా చెప్పనక్కరలేదు.

అర్థమును నిర్ణయించునది మాటయొక్క సాంగత్యము. మన శాస్త్రకారులకు ఇది క్రొత్త విషయము కాదు. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమైనవాడు తెమ్మన్నచో గుఱ్ఱమును తేవలెను. ఈ ఉదాహరణము సంస్కృత పాఠశాలలలో తరతరములుగా చెప్పబడుచున్నది. భర్తృహరి తన వాక్యపదీయములో వాక్యమునకే ప్రాధాన్య మిచ్చి, అనేకార్థకములగు పదములకు అర్థమును నిర్ణయించు హేతువులను వరుసగా పేర్కొన్నాడు. అమరకోశమునను, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమునను నానార్థములకు ప్రత్యేకముగా ఒక వర్గమే కలదు.

పర్యాయపదముల పాఠమునకును ఈ సూత్రమే వర్తించును. ‘రన్’కు పర్యాయములుగా ‘ఫ్లో’, ‘మేనేజ్’, ‘ఫ్లీ’, ‘రేస్’ అను మాటలను వల్లె వేయింతురు. నదికి ‘ఫ్లో’ తగును, దుకాణమునకు తగదు. దుకాణమును ‘మేనేజ్’ చేయవచ్చును, నదిని కాదు. ‘ఫ్లీ’లో భయ మున్నది, ‘రేస్’లో పోటీ యున్నది. తెలుగులోను పరుగెత్తుట వేరు, పారిపోవుట వేరు. ‘ఉరుకు’ అన్నచో తెలంగాణమున పరుగెత్తుట. కోస్తాలో పలుచోట్ల దుముకుట. పర్యాయపదములు అన్నదమ్ముల వంటివి. ఒకే ఇంటివారైనను ఒకరి పనికి మరియొకరు అన్నివేళల పనికిరారు.

ఒక్క మాటకు ఒక్క అర్థమను పద్ధతివలన నష్టము ఇంగ్లీషునకే పరిమితమైనచో ఇంత చెప్పనక్కరలేదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో వ్రాయు విద్యార్థి గడియారమును ‘వాక్’ చేయించుట పరిష్కరింపదగిన పొరపాటే. రెండవ నష్టము అంతకంటె లోతైనది. నేడు పట్టణములలో దుకాణమును ‘రన్ చేయుచున్నారు’, బస్సులు ‘రన్ అగుచున్నవి’, సినిమా నూరు రోజులు ‘రన్ అయినది’. నడుపు, నడుచు, ఆడు అను మూడు క్రియలు చేయవలసిన పనిని ఎరువు తెచ్చిన ఒక్క మాట చేయుచున్నది. భాషలోనికి క్రొత్త వస్తువుతో క్రొత్త పేరు వచ్చిన తప్పు లేదు. రైలు, బస్సు, సినిమా అట్లే వచ్చినవి. వాడుకలో నున్న క్రియను త్రోసివేసి దాని స్థానమును ఆక్రమించు మాటవలన మాత్రము భాషకు చేకూరున దేమియు లేదు. క్రియ పోయినచో దానిని అంటియున్న నుడికారమును పోవును. బియ్యము ‘అయిపోయినవి’ అనుటయే ఎరిగిన పిల్లలకు ‘నిండుకొన్నవి’ అను మాటలోని సంస్కారము తెలియు అవకాశ మెక్కడిది?

పరీక్షలో అర్థము అడుగుదురు, తరగతిలో విద్యార్థులు పెక్కుమంది, వ్యవధి లేదని ఉపాధ్యాయులు చెప్పుదురు. ఆ చిక్కు నిజమైనదే. అయినను వారమున కొక్క గంట, ఒక్క మాట, పది వాక్యములు చాలును. నల్లబల్లపై ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ‘రన్’ గల పది వాక్యములు వ్రాయవలెను. వానిలో ప్రతిదానికిని తమ ఇండ్లలో పెద్దలేమందురో విద్యార్థులు అడిగి తేవలెను. వారు తెచ్చిన క్రియలను తెలుగు ఉపాధ్యాయుడు తన గంటలో విచారింపవలెను. ఒక్కొక్క వాక్యములో పర్యాయపదమును పెట్టి చూచి, నిలిచినదేదో నిలువనిదేదో విద్యార్థులే తేల్చవలెను. దీనికి క్రొత్త పుస్తకము గాని, క్రొత్త వ్యయము గాని అక్కరలేదు. ఇరువురు ఉపాధ్యాయులు కలసి మాటలాడుకొన్న చాలును. ఆ విధముగా నేర్చిన విద్యార్థికి ఒక ఇంగ్లీషు క్రియతోపాటు పది తెలుగు క్రియలును దక్కును.