వరద సాయం ఎవరి చేతికివ్వాలి?

ఎక్కడో ఊరు మునిగిందని టీవీలో చూడగానే మన చెయ్యి ముందు బీరువా వైపు పోతుంది. పాత చీరలు, పిల్లలకు పొట్టయిపోయిన గౌన్లు గబగబా మూటగట్టేస్తాం. ఆ మూట ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాత బట్టలు చేరాయి. చాలావరకు రోడ్ల పక్కనే గుట్టలుగా పడిపోయాయి. చేపలు పట్టి పరువుగా బతికినవాళ్లు ఎవరో విడిచిన చిరుగుల బట్టలు కట్టుకుంటారటండీ? గూంజ్ అనే సంస్థ తర్వాత ఆ గుట్టల్ని సేకరించి, పనికొచ్చేవి ఏరి వాడుకలోకి తెచ్చింది. పాత నూలు బట్టలతో నెలసరి గుడ్డలు కుట్టించేదీ వాళ్లే. బియ్యం, బిస్కెట్లు అందరికీ గుర్తొస్తాయి గానీ, మోకాటి లోతు నీళ్లలో ఉన్న ఆడదానికి ఇంకేం కావాలో అడిగేవాళ్లేరీ?

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాటికి మన పెద్దవాళ్లకు తెలిసిన పేర్లు కొన్నే. రామకృష్ణ మిషన్, రెడ్ క్రాస్, ముఖ్యమంత్రి సహాయనిధి. ఇప్పుడు అలా కాదు. గంట తిరక్కుండా ఫోన్లోకి పది క్యూఆర్ కోడ్‌లు వచ్చిపడతాయి. ఎవరు నిజమో, ఎవరు దొంగో! ఆడబడుచు పంపింది కదా అని నమ్మేయకండి. ఆవిడకీ ఇంకెవరో పంపిందే అది.

నా మటుకు నాకు, మొదటి వారం రోజులు పాత సంస్థలే నయమనిపిస్తుంది. మనుషులు, గోడౌన్లు, అధికారులతో పరిచయం వాళ్లకు ముందే ఉంటాయి. రెడ్ క్రాస్ జిల్లా శాఖకు కలెక్టరే అధ్యక్షులు. అంటే అడగడానికో గుమ్మం ఉందన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎంతోమంది ప్రేమగా పులిహోర పొట్లాలు తెచ్చారు. రోడ్డు మొదట్లో ఉన్నవాళ్లకు రెండేసి అందితే, లోపలి సందుల్లో వాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. మంచి మనసుంటే చాలదు, పడవ కూడా ఉండాలి మరి.

అలాగని పేరు పాతదైతే కళ్లు మూసుకోనక్కర్లేదు. రసీదు అడగండి. కిందటిసారి వచ్చిన డబ్బు ఎలా ఖర్చుపెట్టారో లెక్క చూపించమనండి. మొహమాటమెందుకు, కూరగాయల దగ్గర అడగమూ? నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే పన్ను మినహాయింపు రాదని మీవారికీ చెప్పండి. చెక్కో, బ్యాంకు ద్వారానో మేలు.

నీళ్లు తీశాక సంగతి వేరు. బురద పట్టిన పరుపు, పాడైన గ్యాసు స్టవ్వు, తుప్పెక్కిన కుట్టుమిషను... ఇవి ఎవరింట్లో పోయాయో పెద్ద ఆఫీసులకేం తెలుస్తుంది? ఆ పేట డ్వాక్రా సంఘానికి తెలుస్తుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇల్లే మునిగిందనుకోండి, సంస్థలతో పనేముంది? డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. ఏం కొనుక్కోవాలో ఆమెకే బాగా తెలుసు. అందుకే ఇవ్వదలచుకున్నదాంట్లో సగం ఇప్పుడిచ్చి, సగం నెల తర్వాతకు పోపుల డబ్బాలో దాచండి.

చీరలే ఇవ్వాలనుకుంటే ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక్కోదానికి జాకెట్టు, లంగా జతచేసి కట్టండి. మూట మీద లోపలేముందో కాగితం రాసి అంటించండి. చిరిగినవి మాత్రం ఇంట్లో మసిగుడ్డలకు వాడుకోండి.