బోరు నీళ్లలో పెట్రోలు వాసన.. నిరూపించాల్సింది ఎవరు?

చెన్నై తండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోర్లలో నీళ్లతో పాటు చమురు పైకి వచ్చింది. ఓడరేవు నుంచి అక్కడి డిపోకు వెళ్లే భారత్ పెట్రోలియం భూగర్భ పైపులైను లీకు కావడమే కారణమని తేలింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. తండయార్‌పేట, రాయపురం వైపు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఇది పరాయి ఊరి కథ కాదు.

అన్నేళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకంటారా? పైపులైను వెళ్లేది ఏదో ఒక దారినే. పెట్రోలు బంకుల కింద ట్యాంకులు మాత్రం ఊరూరా ఉన్నాయి.

భూమిలో ఉన్న ఇనుప ట్యాంకు తుప్పు పట్టినా, పైపు అతుకు వదిలినా పైకి ఏమీ కనిపించదు. చుక్క చుక్కగా కారిన పెట్రోలు మట్టిలోంచి దిగి, నీటి మట్టం మీద తేలుతుంది. అందులోని బెంజీన్ కొంత నీళ్లలో కలుస్తుంది. అది క్యాన్సర్ తెచ్చే రసాయనం. లీటరు తాగునీటిలో 0.01 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ముక్కు పసిగట్టే లోపే ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. కాచుకుంటే సరిపోతుందిలే అనుకోవడం ఇంకా ప్రమాదం. ఆ ఆవిరి వంటింట్లోకే వస్తుంది, పొయ్యి దగ్గర నిప్పు భయమూ ఉంది.

వాసన వస్తోందని చెబితే అధికారులు ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లడంతో సరిపెట్టకూడదు. ముందు బంకులో రోజూ కడ్డీతో కొలిచి రాసే నిల్వ లెక్క చూడాలి. తెచ్చిన సరుకుకూ, అమ్మిన సరుకుకూ తేడా అక్కడే బయటపడుతుంది. తరువాత ట్యాంకుకు, పైపులకు లీకు పరీక్ష. ఆపైన చుట్టూ బోర్లు వేసి వేర్వేరు లోతుల మట్టి తీయాలి. కనీసం మూడు చోట్ల నీటి మట్టం కొలిస్తేగానీ భూగర్భ జలం ఎటు పారుతోందో తెలియదు. అది తెలియకుండా ఎవరి బోరు బాగుందో, ఎవరిది చెడిందో ఎలా చెబుతారు?

'మా ట్యాంకు బాగానే ఉంది, పక్క షెడ్డు వాళ్ల పని' అని బంకు యజమాని అనవచ్చు. నిజం కావచ్చు కూడా. అలాంటప్పుడు సరైన విచారణ ఆయన్నీ కాపాడుతుంది.

కొత్త బంకులు బడులు, ఆసుపత్రులు, ఇళ్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలని, వీలుకాకపోతే అదనపు భద్రతతో 30 మీటర్లయినా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. మరి గోడ పక్కనే ఉన్న పాత బంకుల మాట?

నష్టం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టంలోనే ఉంది. అయితే పరిహారం అడగడానికి గడువు అయిదేళ్లు. కాబట్టి వాసన మొదలైన తేదీ రాసిపెట్టుకోండి. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు ఎక్కడా నిలబడదు.

లీకు ఎక్కడుందో తేల్చే ఖర్చు మాత్రం బోరు ఉన్న ఇంటివాళ్లది కాదు. ఆ పని ఆయిల్ కంపెనీది, చేయించే బాధ్యత కాలుష్య నియంత్రణ మండలిది. పరీక్ష ఫలితాల కాగితం ఆ వీధిలో ప్రతి ఇంటికీ అందాలి. తమిళంలో ఇచ్చినా ఫరవాలేదు, చదివి చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. అసలు ఇవ్వకపోవడంతోనే వచ్చింది తంటా.