అమ్మ పనికి ఆ పాత లాప్‌టాప్ చాలట!

మన ఇళ్ళల్లో కొత్త లాప్‌టాప్ ఎవరికి కొంటారో, పాతది చివరికి ఎవరి దగ్గరికి చేరుతుందో ఎప్పుడైనా గమనించారా? పూర్వం అన్న చొక్కా పొట్టయితే తమ్ముడికి వచ్చేది. ఇప్పుడు కొడుకు లాప్‌టాప్ నెమ్మదిస్తే అమ్మకి వస్తోంది. పిల్లాడు పై చదువుకి వెళ్తున్నాడని వాడికి కొత్తది. ఆయనకి ఎలాగూ ఆఫీసు వాళ్ళే ఇస్తారు. బ్యాటరీ అరగంట ఆగనిదీ, ఒక మీట ఊడిపోయిందీ, మూత తీస్తే కిర్రుమనేదీ మాత్రం మనకి. పైగా "పైసా ఖర్చు లేకుండా లాప్‌టాప్ వచ్చింది నీకు" అని ఓ మాట.

మా ఇంట్లో ఆ మాట వెనకే ఇంకోటి కూడా వచ్చింది. "నీ పనికి ఇది చాలదా?" ఈ రోజు నా గొడవంతా ఆ ఒక్క వాక్యం మీదే.

ముందు నా పనేమిటో చెప్తాను. తెలుగు పుస్తకాలకి ప్రూఫులు దిద్దుతాను. మూడు వందల పేజీల ఫైలు ఒకటి, పక్కన నిఘంటువు, ఇంకో పక్క రచయిత పంపిన మొదటి ప్రతి, మధ్యలో మెయిళ్ళు, ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉండాలి. డబ్బు పేజీకి ఇంతని ఇస్తారు. గంటకి కాదు, నెలకీ కాదు. అంటే తెర మీద గిరగిరా తిరిగే ఆ చక్రం కేసి చూస్తూ నేను కూర్చున్న ప్రతి నిమిషమూ నా కొంగుముడిలోంచి పోయేదే. ఆఫీసులో వాళ్ళకి మెషీన్ మొరాయిస్తే ఐటీ వాళ్ళకి టికెట్ పెడతారు, వాళ్ళొచ్చేదాకా కాఫీ తాగుతారు, ఒకటో తారీకున జీతం మాత్రం పడుతుంది. ఇంట్లో పనిచేసుకునేవాళ్ళకి ఐటీ డిపార్ట్‌మెంట్ ఎవరండీ? రాత్రి పదింటికి ఎవరికైనా తీరుబడి చిక్కితే వచ్చి ఓ చూపు చూస్తారు. చూసి ఏం చేస్తారు? రైట్ క్లిక్ కొట్టి టకటకా నాలుగుసార్లు రిఫ్రెష్ నొక్కుతారు. అది తెర మీది బొమ్మల్ని మళ్ళీ ఓసారి చూపిస్తుందే తప్ప దానికీ వేగానికీ ఏ సంబంధమూ లేదు. దానికంటే దిష్టి తీయడం నయం, కనీసం మిరపకాయలైనా చిటపటలాడతాయి.

నోటిమాటగా చెప్తే ఎవరూ వినరని, ఒక వారం పాటు పాల లెక్క రాసే డైరీలోనే రాసుకుంటూ వచ్చాను. మీట నొక్కిన దగ్గర్నుంచి పని మొదలుపెట్టగలిగేదాకా తొమ్మిది నిమిషాలు. పెద్ద ఫైలు తెరుచుకోవడానికి, సేవ్ అవడానికి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి, మధ్యలో బిగుసుకుపోతే మళ్ళీ మొదలుపెట్టడానికి, అన్నీ కలిపి రోజుకి 40 నిమిషాలు తేలింది. నెలకి 25 రోజులు వేసుకుంటే వెయ్యి నిమిషాలు. నాకు పేజీ దిద్దడానికి పది నిమిషాలు పడుతుంది. అంటే నెలకి వంద పేజీల కూలి ఆ చక్రం తినేస్తోందన్నమాట.

ఈ లెక్క భోజనాల దగ్గర చదివి వినిపిస్తే మావారు, "ఆ తొమ్మిది నిమిషాల్లో నువ్వు కుక్కర్ పెట్టేసుకుంటావుగా, వేస్టయిందేముంది?" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, మెచ్చుకోలుగానే అన్నారు. నాకు ఒళ్ళు మండింది అందుకే. మగవాడి మెషీన్ ఆగిపోతే "పని ఆగిపోయింది" అంటారు. ఆడదాని మెషీన్ ఆగిపోతే "ఈలోగా ఇంకో పని చేసుకోవచ్చుగా" అంటారు. 2019లో మన ప్రభుత్వమే కాల వినియోగ సర్వే అని ఒకటి చేసింది. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని అందులో తేలింది. దగ్గర దగ్గర ఐదు గంటలు! అవి పోగా, వంటలూ బట్టలూ స్కూలు బస్సులూ పోగా, మిగిలిన కాస్త టైములోనే కదా మనం ఆ లాప్‌టాప్ ముందు కూర్చునేది. అందులోంచి మళ్ళీ 40 నిమిషాలు పోతే అది చిన్న సంగతెలా అవుతుంది?

కంప్యూటర్ జవాబిచ్చే వేగానికీ మనిషి పనికీ ఉన్న లంకె కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1982లోనే ఐబీఎం వాళ్ళు దీని మీద ఒక పత్రం వేశారు. జవాబు సెకను లోపు వస్తే పనిచేసే మనిషి ఆలోచన తెగదు, ఆలస్యమైతే తెగుతుంది, ఆ తెగడం వల్ల పోయేది డబ్బే అని అందులో సారాంశం. కంపెనీలకి నలభై ఏళ్ళ కిందటే అర్థమైన ముక్క మన డైనింగ్ టేబుల్ దాకా రావడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో.

సరే, మెషీన్ సంగతికొద్దాం. ఇది 2018లో కొన్నది. 1 టీబీ హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్. రోగమంతా ఈ రెండిటిలోనే ఉంది. హార్డ్ డిస్కంటే లోపల ఒక పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటుంది, ఒక పుల్ల దాని మీద అటూ ఇటూ కదిలి కావలసినదాన్ని వెతికి తెస్తుంది. అటక మీది డబ్బాలు అనుకోండి. పోపు గింజలకోసారి, చింతపండుకోసారి, ఉప్పుకోసారి స్టూలు వేసుకుని ఎక్కడమే. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న డబ్బాలు వేలకొద్దీ అడుగుతుంది. ఇక ర్యామంటే స్టవ్ పక్కన గట్టు. గట్టు ఇరుకైతే కూర తరగడానికి పప్పు గిన్నెని తీసుకెళ్ళి మళ్ళీ అటకెక్కించాలి. కంప్యూటర్ అచ్చంగా అదే చేస్తుంది, ర్యామ్ నిండితే మిగిలింది డిస్కు మీదకి తోసేస్తుంది. ఎస్‌ఎస్‌డీ అనేదాంట్లో తిరిగే పళ్ళెమూ లేదు, కదిలే పుల్లా లేదు. అన్నీ చేతికందే అరలో ఉన్నట్టే.

మీదీ ఇదే రోగమా కాదా అని ఎవర్నీ అడగక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెద్ద పనేమీ చేయకపోయినా డిస్క్ అన్న చోట 100 శాతం దగ్గర కదలకుండా కూర్చుందంటే దొంగ దొరికినట్టే. మెమరీ తొంభై దాటి ఉంటే వాడికి తోడుదొంగ కూడా ఉన్నాడు. అక్కడే స్టార్టప్ అనే చోటికి వెళ్ళి చూడండి. నాదాంట్లో మీట నొక్కగానే నాకంటే ముందు మావాడి రెండు గేముల ప్రోగ్రాములు లేచి కూర్చుంటున్నాయి! వాడు హాస్టల్లో, వాడి గేములు నా నెత్తిన. వాటినీ, ఎప్పుడో గడువైపోయినా రోజూ డబ్బు కట్టమని గుర్తుచేసే యాంటీవైరస్‌నీ తీసేశాను. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉండగా ఇంకోటి అక్కర్లేదు. "మీ కంప్యూటర్‌ని పది రెట్లు వేగం చేస్తాం" అనే క్లీనర్ల జోలికి అసలు పోకండి, అవి కూడా మెమరీ తినే బాపతే. ఫ్యాను దగ్గర దుమ్ము పేరుకుంటే వేడెక్కి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అందుకని అదీ శుభ్రం చేయించాలి. పరుపు మీద పెట్టుకుని వాడినా గాలి ఆడక అదే గతి. ఇవన్నీ చేస్తే తొమ్మిది నిమిషాలు ఆరయ్యాయి. డబ్బు పెట్టకుండా వచ్చేది అంతే.

మిగతాదానికి మా ఇంటి దగ్గర ఒక రిపేరు షాపుకి వెళ్ళాను. ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేయాలని అడిగాను. అతను మూత కూడా తీయకుండా, "పాతదైపోయింది మేడమ్, కొత్తది తీసుకోండి, ఈఎంఐ ఉంది" అన్నాడు. ర్యామ్‌కి ఖాళీ స్లాటుందో లేదో చూడమంటే, "సార్‌ని పంపించండి మేడమ్, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. ఏ సార్‌ని పంపాలండీ? లెక్క రాసింది నేను, రోగం కనిపెట్టింది నేను, డబ్బిచ్చేది నా ప్రూఫుల సంపాదనలోంచి నేను. ఇంట్లో "నీ పనికిది చాలదా" అన్నవాళ్ళూ, షాపులో "సార్‌ని పంపండి" అన్నవాడూ నా లెక్కలో ఒకటే. ఇద్దరి మనసులోనూ ఆ మెషీన్ నాది కాదు.

లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, బస్సెక్కి వెళ్ళాను. అక్కడో కుర్రాడు నా ఎదురుగానే విప్పి, చూపించి, రెండూ వేసి, పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చాడు. మొత్తం ఖర్చు ఒక మంచి పట్టుచీర ఖరీదంత కూడా కాలేదు. ఇప్పుడు మీట నొక్కితే అర నిమిషంలోపే పని మొదలుపెట్టుకుంటున్నాను.

అన్ని లాప్‌టాప్‌లకీ ఇలా కుదురుతుందని చెప్పను. కొన్ని పల్చటివాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లని మామూలుగా విండోస్ 11 ఒప్పుకోదు. అలాంటిది అంటగట్టి "చాలు" అంటే మాత్రం ఊరుకోకండి. అప్పుడు కొత్తది కొనాల్సిందే, దాని మీద పని చేసే మనిషి పేరునే కొనాలి. పిల్లాడికి గేములకి గ్రాఫిక్స్ కార్డు కావాలా వద్దా అని మా ఇంట్లో వారం రోజులు చర్చ జరిగింది. నా ర్యామ్ గురించి అందులో ఒక్క పూట చర్చ పెట్టినా సీటీసీ దాకా ఒక్కదాన్నే వెళ్ళే పనుండేది కాదు.

ఒక్క జాగ్రత్త. మూత విప్పించే ముందు ఫైళ్ళన్నీ వేరేచోట కాపీ చేసుకోండి. తీసిన పాత డిస్కు షాపులో వదిలేయకండి, అడిగి తెచ్చుకోండి. దానికి ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అందులో బిగిస్తే పెద్ద పెన్‌డ్రైవ్‌లా పనికొస్తుంది. నాదాంట్లో పిల్లల ఫొటోలు పెట్టాను. మొన్న మావారు వచ్చి, "అది ఖాళీగానే ఉందిగా, నా సినిమాలు కూడా కాసిని వేసుకోనా?" అని అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను.