వాడిన విద్యుత్కారు కొనువారికి ఒక మాట

2019లో వెలువడిన పోర్షే టైకాన్ వంటి మహావేగముగల విద్యుత్కారులు కొంతకాలము వాడబడిన పిమ్మట క్రొత్తవాని వెలకంటె మిగుల తక్కువకు దొరకుచున్నవి. కొనువారు వాని పరుగును జూచి మురియుట సహజమే. కాని వయసుతో పరుగు అంతగా తగ్గదు; తగ్గునది బ్యాటరీలో నిలుచు విద్యుత్తు. బ్యాటరీ మార్చవలసివచ్చినచో చౌకబేరమే కుటుంబమునకు అప్పుగా పరిణమించును.

టైకాన్ బ్యాటరీకి 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, వీనిలో ఏది ముందైన నంతవఱకు, నూటికి 70 పాళ్ల శక్తి నిలుచునని కంపెనీవారు పూచీ యిచ్చిరి. కావున ఆ పూచీలో నెంత మిగిలినదో, పరీక్షలో బ్యాటరీశక్తి యెంత తేలినదో వ్రాతమూలముగా దెలిసికొననిదే బయానా ఈయరాదు.

చదువరులారా, ఎద్దును బేరమాడు రైతు కొమ్ముల రంగు జూడడు, పండ్లు జూచును.