దోమ చిరునామా మనకు తెలుసు

ప్రతి ఏటా వానలు పడిన నెలకో రెండు నెలలకో ఒక మాట వినబడుతుంది: "జ్వరాలు హఠాత్తుగా ప్రబలాయి." ఈ "హఠాత్తుగా" అన్న మాట మీదే నా తగాదా అంతా. దోమ ఆకాశం నుంచి ఊడిపడదు. ఏ జాతి దోమ ఎలాంటి నీటిలో గుడ్లు పెడుతుందో, ఎంత వేడిలో ఎన్నాళ్లకు రెక్కలు తొడుగుతుందో, ఎంత దూరం ఎగరగలదో మనిషికి తెలిసి చాలా కాలమైంది. కనుక అది రేపు ఎక్కడ కాపురం పెట్టబోతున్నదో ముందే చెప్పవచ్చు, చెబుతున్నారు కూడా. ఆ చెప్పినదాన్ని వినవలసినవారు వినకపోవడం, విననందుకు వారిని ఎవరూ నిలదీయకపోవడం, ఇదీ నా అభియోగం.

అసలు "దోమ" అనే ఏకవచనంతోనే మనం తప్పటడుగు వేస్తున్నాం. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమకు మురుగు కాలువలు, మరుగుదొడ్ల గుంటలు ఇష్టం. దానికే దగ్గరి చుట్టమైన మరో క్యూలెక్స్ వరిమడిలో నిలిచిన నీటిలో పెరిగి మెదడువాపు వ్యాధిని తెస్తుంది. మన్యంలో చలిజ్వరానికి కారణమైన అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కొండవాగుల అంచున మెల్లగా పారే తేటనీటిని వెతుక్కుంటుంది. అదే కుటుంబానికి చెందిన అనాఫిలిస్ స్టీఫెన్సీ పట్టణవాసి. బావులు, మిద్దె మీది ట్యాంకులు, కట్టుబడి స్థలాల్లోని సిమెంటు తొట్లు దాని నివాసాలు. డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడీస్ ఈజిప్టికి ఇంట్లో మనం శుభ్రంగా పట్టి దాచుకున్న నీళ్లే కావాలి. ఇన్ని రకాల కాపురాలకు ఒకే పొగబండి మందెలా అవుతుంది?

ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుగు నేల మీదే రుజువైంది. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో మలేరియా రహస్యం కోసం దోమలను కోసికోసి చూశాడు. ఆ కాలంలో చాలా భాగం పరాన్నజీవికి చోటివ్వని జాతుల మీదే ఖర్చయిపోయింది. మచ్చల రెక్కల దోమ, అంటే అనాఫిలిస్, చేతికి వచ్చాకనే 1897 ఆగస్టు 20న దాని కడుపు గోడలో పరాన్నజీవి కనబడింది. అంతకుముందు 1883లో, బెంగుళూరులో ఉండగా, తన కిటికీ బయటి నీళ్ల పీపాలో దోమల లార్వాలు కదలాడుతుంటే చూసి, దాన్ని బోర్లిస్తే గదిలో దోమలు తగ్గాయని ఆయన గమనించాడు. తక్కిన తొట్లూ పీపాలూ కూడా ఖాళీ చేయిద్దామంటే అక్కడి సైనిక అధికారి ఒప్పుకోలేదు. ఆ అధికారి ఈనాటికీ పదవీ విరమణ చేయలేదనీ, మన పట్టణాలన్నిటిలోనూ కొలువు వెలగబెడుతున్నాడనీ నా అనుమానం.

నేటి శాస్త్రజ్ఞుల పద్ధతి మరీ గహనమైనదేమీ కాదు. ఒక జాతి దోమ ఇంతవరకూ దొరికిన చోట్లన్నిటినీ పటం మీద గుర్తిస్తారు. ఆ చోట్ల ఉష్ణోగ్రత, వర్షపాతం, తేమ, పచ్చదనం, జనసాంద్రత ఎలా ఉన్నాయో లెక్కగడతారు. అవే లక్షణాలు ఇంకెక్కడ కలిసి కనబడితే అక్కడ ఆ దోమ బతకగలదని అంచనా వేస్తారు. ఇప్పటికే ఉంటే ఉండవచ్చు, లేకుంటే రేపు రావచ్చు.

ఇది కాగితం మీది ముచ్చట కాదనడానికి స్టీఫెన్సీయే సాక్ష్యం. దక్షిణాసియా నగరాలకు అలవాటుపడిన ఆ దోమ 2012లో ఆఫ్రికా కొమ్మున ఉన్న జిబూటీలో కనబడింది. ఆ ఏడు ఆ చిన్న దేశంలో స్థానికంగా సోకిన మలేరియా కేసులు 27. 2020 నాటికి 73 వేలు దాటాయి. ఆఫ్రికాలోని పాత మలేరియా దోమలకు వానగుంటలు, పల్లెటూళ్లు అలవాటు. నగరం కొంత క్షేమమన్న ధీమా ఉండేది. నగరంలోని నీళ్ల ట్యాంకులే చాలునన్న దోమ వచ్చి ఆ ధీమాను చెరిపేసింది. ఆ దోమకు ఆఫ్రికాలోని ఏయే నగరాలు అనువో పటం గీసి, సుమారు 12 కోట్ల 60 లక్షల మంది నగరవాసులకు ముప్పు ఉన్నదని 2020లోనే పరిశోధకులు ప్రకటించారు. 2022లో ఇథియోపియాలోని దిరె దవా నగరంలో, మలేరియా సద్దుమణగవలసిన ఎండాకాలంలో, కేసులు విజృంభించాయి. వెతికితే రోగుల ఇళ్ల చుట్టుపక్కల నీటితొట్లలో ఈ దోమే దొరికింది. పటం ముందు వచ్చింది, జ్వరం వెనక వచ్చింది.

"ఇవన్నీ అంచనాలేగా, జోస్యాన్ని నమ్మి ఖర్చు పెట్టమంటారా?" అని అడిగే పెద్దలున్నారు. వారికి తుపానును గుర్తుచేస్తాను. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకేసరికి రోజుల ముందే దారి గీసి చూపారు, లక్షల మందిని తరలించారు, ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. తుపాను దారీ అంచనాయే. గీత ఒక పక్కకు ఒరిగినంత మాత్రాన దాన్ని ఎవరూ జోస్యమని కొట్టిపారేయరు. తుపాను పటం కలెక్టరు బల్ల మీదికి వెళుతుంది, దోమ పటం పరిశోధనా పత్రికలోనే ఉండిపోతుంది. తేడా ఇంతే.

పటానికి లోపాలు లేవని నేననను. దోమలు దొరికిన చోట్ల జాబితా నిజానికి మనుషులు వెతికిన చోట్ల జాబితా. ఎవరూ వెతకని ఊరు పటంలో నిర్దోషిగా కనబడుతుంది. పైగా చదరపు కిలోమీటర్ల లెక్కన గీసిన గళ్లలో మీ పెరటి డ్రమ్ము కనబడదు. ఏడీస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొద్ది వందల మీటర్లు కూడా దాటదు. కనుక పెద్ద పటం ఏ ఊరో చెబితే, ఏ వీధో చెప్పవలసింది వార్డులో తొట్లు తొంగిచూసే ఉద్యోగి నోటుపుస్తకం. నూరిళ్లు చూస్తే ఎన్ని పాత్రల్లో లార్వాలున్నాయన్న లెక్కకు బ్రెటో సూచిక అని పేరు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఈ కొలతకు కావలసింది ఒక టార్చిలైటు, ఒక గరిటె, తిరిగే కాళ్లు.

ఇక నాకు అన్నిటికన్నా ఒళ్లు మండించేది పరిశుభ్రతా ప్రవచనం. జ్వరాలు రాగానే పేటల వైపు వేలు చూపి, "మురికిగా బతుకుతారు, అందుకే" అంటారు. డెంగీ దోమ మురికిని చూసి రాదు, దాచిన నీటిని చూసి వస్తుంది. రోజు విడిచి రోజు, అదీ గంటసేపు, కుళాయి వదిలితే జనం డ్రమ్ములూ గోలేలూ బిందెలూ నింపుకోక ఏం చేస్తారు? మూతలేని ఆ డ్రమ్ము పేదవాడి అలసత్వం కాదు, నీటి సరఫరా పద్ధతి పెట్టిన సంతానం. ఏ వీధికి ఎన్ని రోజులకొకసారి నీళ్లు వస్తాయో తెలిపే కాగితం, ఏడీస్ ఎక్కడ ఉంటుందో చెప్పే పటాల్లో ఒకటి. అది పురపాలక సంఘం సొరుగులోనే ఉంది! భాగ్యవంతుల మిద్దెల మీది కూలర్లనూ పూలకుండీల కింది పళ్లేలనూ ఈ ప్రవచనకారులు చూసినట్టే కనబడరు.

పొగబండి సంగతి చెప్పనే అక్కరలేదు. మా వీధికి అది వచ్చేది ఎవరో ఒకరు ఆసుపత్రిలో చేరాకే. వచ్చేది సాయంత్రం, ఏడీస్ ఎక్కువగా కుట్టేది పగటివేళ. పొగ వీధిలో, దోమ మంచం కిందో బట్టల మాటునో. ఆ క్షణంలో ఎగురుతున్న కొన్ని చస్తాయి. తొట్టిలోని లార్వాలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. గోడకు అంటుకున్న గుడ్లు నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పగులుతాయి. వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగమనడం అందుకే. మరి పొగకే ఎందుకింత ఆదరణ? అది కంటికి కనబడుతుంది, చప్పుడు చేస్తుంది, ఫొటోలో బాగా వస్తుంది. మూత పెట్టిన తొట్టికి ఫొటో విలువ లేదు.

నేను కోరేవి పెద్దవి కావు. వానలకు ముందే, మే నెలలోనే, వార్డువారీగా లార్వాల లెక్క తీయాలి. దాన్ని వార్డు కార్యాలయం గోడ మీద అందరూ చదివేలా అంటించాలి. దాని పక్కనే ఆ వార్డుకు నీళ్లు వదిలే రోజులూ వేళలూ రాయాలి. నీళ్లు రోజూ ఇవ్వలేని చోట మూతలున్న డ్రమ్ములైనా ఇవ్వాలి. ఇవేమీ చేయకుండా సెప్టెంబరులో "హఠాత్తుగా" అనే హక్కు ఎవరికీ లేదు.

డెంగీతో పోయిన బిడ్డ తల్లికి ఆ మాట చెప్పి చూడమనండి. చిరునామా చేతిలో పెట్టుకుని దారి తెలియలేదనే వారిని ఏమనాలో మీరే చెప్పండి. ఈ వారంలో మీ వార్డు కార్యాలయానికి వెళ్లి, పోయిన మే నెల లార్వాల లెక్క చూపించమని అడగండి. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ రాయండి.