మీటరు నీటిని లెక్కిస్తుంది, మరి మనిషిని?

నీటి మీటరు మీద మన నగరాల్లో జరిగే చర్చ రెండు వాదనల మధ్యే తిరుగుతోంది. కొలిస్తే వృథా తగ్గుతుందని ఒక పక్షం అంటుంది. కొలవడమంటే నీటిని సరుకుగా మార్చడమేనని ఇంకో పక్షం అంటుంది. సూరత్ నగరంలోని నవాగామ్‌లో, నేను అద్దెకుండే గదుల వరుసకు ఫ్లో మీటరు బిగించాక జరిగింది చూశాను. ఈ రెండు వాదనలూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయని నాకనిపిస్తోంది. కొలవాలా వద్దా అనే దానికన్నా ముందు, దేన్ని ఒక యూనిట్‌గా పెట్టుకుని కొలుస్తున్నామో తేల్చుకోవాలి. నల్లానా? ఇంటినా? మనిషినా?

నవాగామ్, దాన్ని ఆనుకుని ఉన్న డిండోలీ వలస శ్రమ మీద పెరిగిన ప్రాంతాలు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు, ఉత్తరప్రదేశ్, బిహార్, ఒడిశా కూలీలు సూరత్ బట్టల పరిశ్రమను నడిపిస్తున్నారు. ఇలాంటి పేటల్లో ఒక వరుసలో ఎనిమిదో పదో గదులుంటాయి. అందరికీ ఒకే నల్లా కనెక్షను, పైన ఒకే ట్యాంకు. కనెక్షను యజమాని పేరు మీద ఉంటుంది. నీళ్లు వాడే వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

మా వరుసలో నీళ్ల డబ్బు ఏటా పెరుగుతూ వచ్చింది. అడిగితే యజమాని జవాబు ఒక్కటే: మీకు నీటి విలువ తెలియదు, పారబోస్తారు. ఈ మాట వెనక ఒక పాత తీర్పు ఉంది. పేదలు, అందులోనూ కింది కులాల వాళ్లు శుభ్రత తెలియని వాళ్లు, పొదుపు తెలియని వాళ్లు అన్న తీర్పు. దానికి ఎవరూ రుజువు అడగరు. చివరికి ఆయనే మనిషిని పిలిపించి, ట్యాంకు నుంచి గదులకు దిగే పైపు మీద మీటరు పెట్టించాడు.

ఆ మీటరు చూపించింది ఆయన అనుకున్నది కాదు. మీటరు ముఖం మీద అంకెలతో పాటు ఒక చిన్న నక్షత్ర చక్రం ఉంటుంది. చుక్క నీరు కదిలినా అది తిరుగుతుంది. అన్ని నల్లాలూ కట్టేసి చూడండి, చక్రం ఆగకపోతే ఎక్కడో లీకేజీ ఉన్నట్టేనని ప్లంబరు చెప్పాడు. రాత్రి అందరం నల్లాలు కట్టేసి చూశాం. చక్రం తిరుగుతూనే ఉంది. గచ్చు కింద పైపు పగిలి ఉంది. అందరి మీదా పడిన నింద ఆ పైపుది. కాబట్టి కొలతకు నేను వ్యతిరేకిని కాను. రుజువు లేని నిందకు సరైన జవాబు రుజువే. నిందపడే వాళ్ల చేతిలో కూడా ఒక కొలత ఉండాలి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. డబ్బును గదుల లెక్కన పంచాలా, మనుషుల లెక్కన పంచాలా? ఇద్దరున్న గదీ, షిఫ్టుల వారీగా ఏడుగురు పడుకునే గదీ ఒకే మొత్తం కట్టాలా? ఈ చిన్న తగాదాలో ఉన్న ప్రశ్నే నగరాల నీటి విధానంలోనూ ఉంది.

చాలా నగరాలు మీటరు బిల్లును అంచెలుగా వేస్తాయి. మొదటి అంచె ఉచితం లేదా చవక, వాడకం పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది. ధనికుల దగ్గర ఎక్కువ, పేదల దగ్గర తక్కువ తీసుకునే పద్ధతిలా కనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. మొదటి అంచె నెలకు 20,000 లీటర్లు అనుకుందాం. నలుగురున్న బంగళాలో మనిషికి రోజుకు సుమారు 166 లీటర్లు ఆ అంచెలోనే వస్తాయి. పది గదుల్లో యాభై మంది ఒకే కనెక్షను మీద బతికితే మనిషికి వచ్చేది 13 లీటర్లు. పధ్నాలుగో లీటరు నుంచే వాళ్లు ఎక్కువ వాడే వాళ్ల ఖాతాలో పడతారు. ఇక్కడ జరిమానా పడుతున్నది వృథాకు కాదు, ఇరుకుకు. మన నగరాల్లో ఇరుకు ఎవరి వాటా అన్నది ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ ప్రమాణాల్లోనూ ఈ తేడా ఉంది. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ 1999 మాన్యువల్ ప్రకారం మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలి. వీధి నల్లా మీద ఆధారపడే వాళ్లకు అదే మాన్యువల్ పెట్టిన లెక్క 40 లీటర్లు. ఒకే నగరంలో పౌరుడి దాహాన్ని రెండు రకాలుగా కొలిచారు.

యూనిట్‌ను మార్చడం అసాధ్యమేమీ కాదు. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకమే అందుకు ఉదాహరణ. మీటరు ఉండాలన్న షరతు నుంచి బస్తీలను అక్కడ మినహాయించారు. అపార్ట్‌మెంటుకు కనెక్షను ఒక్కటే అయినా, ఉచిత నీటిని ఫ్లాట్ల సంఖ్యతో హెచ్చించి ఇచ్చారు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు లెక్కకు వస్తే, గదుల వరుసలో గది ఎందుకు రాదు? ఒక చోట రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, ఇంకో చోట లేదు. తేడా అంతే. సూరత్‌లోనే మోటా వరాఛాలో 24 గంటల సరఫరాతో పాటు మీటరు బిల్లులు వచ్చినప్పుడు జనం నిరసన తెలిపారు. అలాంటి చోట్ల వెళ్లి మాట్లాడటానికి హౌసింగ్ సొసైటీలుంటాయి. అద్దె గదుల తరఫున మాట్లాడేదెవరు?

దక్షిణాఫ్రికాలో ఈ ప్రశ్న రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. సొవెటోలోని ఫిరి వాసులు, నల్లజాతి పేదలు, ముందే డబ్బు కడితే తప్ప నీళ్లు వదలని మీటర్ల మీద కేసు వేశారు. నెలకు కనెక్షనుకు 6,000 లీటర్ల ఉచిత నీరు, ఒకే స్థలంలో ఎక్కువ మంది ఉంటే చాలదని వాదించారు. కింది కోర్టులు మనిషి లెక్కన చూశాయి: 2008లో హైకోర్టు రోజుకు 50 లీటర్లు అంది, పై కోర్టు 42 అంది. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం ఇంత అని తేల్చడం తన పని కాదంటూ నగరపాలక సంస్థ వైపు నిలిచింది. రాజ్యాంగంలో నీటి హక్కు రాసి ఉన్న దేశంలోనే ఇలా జరిగింది.

హక్కు కాగితం మీద ఉండి, నీళ్లు చేతికి అందకపోవడం మన చరిత్రలోనూ ఉంది. బహిరంగ నీటి వనరులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు ప్రకటించింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ నాయకత్వంలో వేల మంది నడిచి వెళ్లి తాగేదాకా ఆ నీళ్లు దళితులకు దక్కలేదు. ఆ తర్వాత కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. మహాడ్ పోరాటం ఒక్క దాహం కోసం జరిగింది కాదు, సమాన మనిషిగా లెక్కలోకి రావడం కోసం జరిగింది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరికా అదే: రాజకీయాల్లో ప్రతి మనిషికీ సమాన విలువ ఇచ్చి, సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ విలువను నిరాకరిస్తూ పోతే ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడుతుంది.

మనుషుల్ని లెక్కించడం కష్టమని, వలస వచ్చినవాళ్లు ఇల్లు మారుతుంటారని అధికారులు అంటారు. ఓటర్ల జాబితాకూ జనాభా లెక్కలకూ ఇదే నేలమీద ఇంటింటికీ తిరగగలిగిన వ్యవస్థకు నీళ్ల కోసం తిరగడం కుదరదంటే నమ్మలేం.

అందుకే మీటరు వచ్చే ప్రతి పేటలో అడగాల్సినవి కొన్నున్నాయి. చవక అంచెను కనెక్షనుకు కాక, దాని మీద బతికే మనుషుల సంఖ్యకు కట్టాలి. అద్దెదారులకు మీటరు చూసే హక్కు, బిల్లు ప్రతి పొందే హక్కు ఉండాలి. యజమాని తాను కట్టే రేటు కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లొచ్చే చోట పైపులోని గాలి కూడా మీటరును తిప్పుతుంది, ఆ గాలికి బిల్లు వేయకూడదు. బిల్లు కట్టలేదని తాగే నీరు ఆపకూడదు. ఇంకొకటి, ఏ పేటకు ఎన్ని గంటలు ఎంత నీరు వదిలారో నగరపాలక సంస్థలు ప్రకటించాలి. మా గదుల్లోకి వచ్చిన నీటిని లీటర్లలో కొలిచేవాళ్లు, రాని నీటిని కూడా అదే నిక్కచ్చితనంతో కొలిచి చూపాలి.

విశ్వవిద్యాలయాల్లో నీటి ధరల మీద పరిశోధించే విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ పట్టికల్లో 'గృహం' అని రాసిన చోట ఆగి, ఆ గృహంలో ఎంతమంది ఉన్నారో, అది ఎవరి పేరు మీద ఉందో అడగండి.