గీత మెరుగుదుము, గీతకర్త నెరుగము

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి సాయంకాలము నడచిపోవుట నాకు చిరకాలపు టలవాటు. ఒకనాడు ఆర్ట్సు కళాశాల మెట్లపై గూర్చున్న మువ్వురు విద్యార్థులను జూచి, "జయ జయహే తెలంగాణ" గేయమును రచించిన దెవరని యడిగితిని. ఒకడు దానికి స్వరము కూర్చిన కీరవాణిగారి పేరు చెప్పెను. వేరొకడు తల గోకికొనెను. మూడవవాడు మాత్రము "అందెశ్రీగారు" అని చెప్పి, "వారింకను ఉన్నారా?" యని నన్నే ప్రశ్నించెను.

లేరు. 2025 నవంబరు 10వ తేదీన, 64 ఏండ్ల వయస్సున, గతించిరి. వారు నివసించిన లాలాగూడ తార్నాకకు మిక్కిలి చేరువ. ఇంత చేరువనున్నవాని నింత దూరముగా నుంచుకొన్నందుకు నాకు సిగ్గు కలిగినది.

వారి యసలు పేరు అందె ఎల్లయ్య. 1961లో, నాటి వరంగల్లు జిల్లాలోని రేబర్తి గ్రామమున జన్మించిరి. బాల్యముననే దిక్కులేనివారై పశువులను గాచిరి; పిదప తాపీపని చేసిరి. బడిలో గూర్చుండి చదువుకొను భాగ్యము వారికి లేదు. పాట వారికి చెవినుండి నోటికి వచ్చినదే కాని పుస్తకమునుండి వచ్చినది కాదు. అట్టివారికి కాకతీయ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చినది. మనబోటి పట్టభద్రులు దీనిని గూర్చి కొంత యాలోచింపవలెను.

1918లో స్థాపింపబడి, చాలకాలము ఉర్దూలో బోధించిన విశ్వవిద్యాలయమిది. 2009లో ఇచ్చటి విద్యార్థులు ప్రత్యేక రాష్ట్రమునకై ఉద్యమించిన దినములలో ఆ తెలుగు పాట ఊరూర వినబడెను. 2014లో రాష్ట్రము వచ్చినది. పాటకు రాష్ట్రగీతమను పదవి మాత్రము 2024 జూన్ 2వ తేదీ వరకు రాలేదు. కవిగారు ఇతరులు కట్టిన పాటలను ప్రోగుచేసి "నిప్పుల వాగు" అను సంకలనమును గూడ వెలువరించిరి. నా కన్నిటికంటె నచ్చిన విషయమిదియే.

అమెరికా దేశపు లూయిసియానాలో, ఫ్రెంచి మూలముగల కేజన్ జాతివాడు బాబీ చార్లెసు అను గాయకు డుండెను. అతనికి స్వరలిపి రాదు, వాద్యమును రాదు. పాటలు తలలోనే పుట్టెడివి. అతడు కట్టిన పాటను 1956లో బిల్ హేలీ పాడగా లోకమంతయు పాడినది. అతడో, ఊరూర తిరిగి పాడుట కిష్టపడక, జనులకు దూరముగా నొదిగి, 2010లో కన్నుమూసెను. దేశము వేరైనను కథ యొక్కటే: పాట పెద్దదగుకొలది పాటకాడు చిన్నవాడై కనబడును.

జానపదమునకు కర్తనామ మెందులకు, పేరు మరుగుపడుటయే పాటకు గౌరవము కాదా యని కొంద రందురు. నే నొప్పుకొనను. "మాయమైపోతున్నడమ్మా మనిషన్నవాడు" అను పాటను ఊరక పుట్టిన దనుకొన్నచో, పశువుల వెంట దిరిగిన యా బాలుని కష్టమును మనమే తుడిచివేసినవార మగుదుము. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి గలదు. అచ్చుపడిన పాటకు భయము లేదు. ఆశువుగా సభలలో బాడినవి, స్నేహితుల యెదుట నల్లినవి, విన్నవారితోనే పోవును. ఇతరుల పాటలను ప్రోగుచేసినవాని పాటలను ప్రోగుచేయువా రెవరు? ఆ పని ఈ ఆవరణలోని తెలుగు శాఖ చేయవలెనని నా యభిప్రాయము. వారితో గూడి పాడినవా రింకను మన మధ్యనే యున్నారు. ధ్వనిముద్రణ యంత్రము నేడు ప్రతి విద్యార్థి చేతిలోను గలదు. ఇక కావలసినది తీరిక మాత్రమే. అది సెలవులలో దొరకును.

ఈ మాటలే ఆ మువ్వురితో నంటిని. ఇద్దరు నవ్వి లేచిపోయిరి. మూడవవాడు తార్నాకదాక నాతో నడచివచ్చి, లాలాగూడకు దారి యెటని యడిగెను. చూపితిని.